రిటైరైన గ్రేహౌండా, లర్చర్ పిల్లా? ముందు మీ పెరటి గేటు సంగతి చెప్పండి

ప్రశ్న ఇది: "ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి గ్రేహౌండ్ కావాలని ఒకటే గొడవ. రేసుల నుంచి రిటైరైన కుక్కని దత్తత తీసుకోవడం మంచిదా, లేక లర్చర్ అనే గ్రేహౌండ్ సంకరజాతి ఆడకుక్కపిల్లని కొనుక్కుని, పెద్దయ్యాక ఒక్కసారి క్రాసింగ్ చేయించి, పిల్లల్ని అమ్మి ఖర్చు రాబట్టుకోవడం మంచిదా?"

రెండో సగం చదివి నాకు ఒళ్లు మండింది కాబట్టి దాన్ని చివరికి పెట్టుకుంటాను. ముందు మీ పెరటి గేటు గురించి మాట్లాడుకుందాం.

మాది ఇంగ్లండ్‌లోనే, లింకన్‌కి కాస్త బయట ఉన్న ఊరు. ఇంటి వెనక కంచె, అది దాటితే కనుచూపు మేర చదును పొలాలు. మల్లి మా ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. నల్లటి ఆడ గ్రేహౌండ్, ఇరవయ్యారు కిలోలు, రెండు చెవుల లోపలా పచ్చబొట్టు. రెండు చెవుల్లోనూ ఉందంటే ఐర్లండ్‌లో పుట్టిందని అర్థం. ఇక్కడి ట్రాకుల మీద పరిగెత్తే కుక్కల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచి ఓడెక్కి వచ్చినవే. నాన్నకి ఫోన్ చేసి "ఇంటికి గ్రేహౌండ్ వచ్చింది నాన్నా" అంటే ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అల్లుడు ఏం చేశాడమ్మా?" అన్నారు. 1989లో మన పోలీసులు ఆ పేరుతో దళం పెట్టినప్పటి నుంచీ మనవాళ్లకి గ్రేహౌండ్స్ అంటే అడవిలో కూంబింగే. సోఫా మీద వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ గాల్లోకి పెట్టి గురక పెట్టే ప్రాణి కాదు.

అవును, గురకే. దీనికి రోజంతా పరుగు కావాలేమో, ఇల్లు పీకి పందిరి వేస్తుందేమో అని భయపడకండి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపిస్తే చాలు, మిగతా టైమంతా నిద్రే. కానీ కెన్నెల్లో పెరిగిన కుక్కకి ఇల్లంటే ఏమిటో తెలియదు. మొదటి వారం మా మల్లి మెట్ల ముందు నిలబడి వణికింది. మా ఆయన దాని ఒక్కో కాలూ ఎత్తి ఒక్కో మెట్టు మీద పెట్టి నేర్పాడు. ఎక్కడం రెండు రోజుల్లో వచ్చింది, దిగడానికి పది రోజులు పట్టింది. గాజు తలుపుని ఢీకొట్టకుండా దాని ముక్కు ఎత్తులో పసుపు కాగితాలు అంటించాం. ఇంకో సంగతి, వీటిలో కొన్ని నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడి పళ్లు చూపిస్తాయి. మీ అబ్బాయికి మొదట నేర్పాల్సింది అదే: పడుకున్న కుక్క దగ్గరికి వెళ్లకుండా దూరం నుంచి పేరుపెట్టి పిలవాలని.

తిండి గురించి ఒక ఏడుపు ఏడుస్తాను. గ్రేహౌండ్‌కి చివరి రెండు మూడు పక్కటెముకలు కనబడాలి, అది సరైన బరువు. ఉగాది ఫంక్షన్‌కి కారులో తీసుకెళ్తే ఎంతమంది పిన్నిగార్లు అడిగారో చెప్పలేను. "అయ్యో, పాపం, దానికి తిండి పెట్టట్లేదా?" మీ వారి పొట్ట గురించి నేను అడిగానా అండీ?

ఇక అసలు కథ. రెండేళ్ల క్రితం అమ్మ తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చింది. వచ్చిన వారానికే మల్లికి పరమాన్నం పెట్టబోతే నేను గిన్నె లాక్కోవాల్సి వచ్చింది. అందులో కిస్‌మిస్ ఉంది. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కలకి విషం అని ఫ్రిజ్ మీద తెలుగులో రాసి అంటించాను. అమ్మ ఆ చీటీని బాగానే పాటించింది. గేటు గురించి చీటీ రాయాలని నాకు తట్టలేదు.

అక్టోబర్ నెల, మధ్యాహ్నం. నేను డ్యూటీలో ఉన్నాను. మర్నాడు చెత్త బండి వస్తుందని అమ్మ పెద్ద డబ్బాని రోడ్డు మీదికి లాగుతూ పక్క గేటు తీసింది. డబ్బా చక్రం గేటులో ఇరుక్కుంది. ఆ అర నిమిషం చాలు. పొలంలో ఒక చెవులపిల్లి లేచింది, కుందేలుకి పెద్దన్నలా పొడుగు కాళ్లు ఉంటాయే, అది. అమ్మ మాటల్లో చెప్పాలంటే, "నల్లగా ఏదో నా కొంగుని రాసుకుంటూ పోయింది, తలెత్తి చూసేసరికి దుమ్ము ఉంది, కుక్క లేదు." గంటకి అరవై కిలోమీటర్లు దాటే కుక్క. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ దాని వెనక ఎంత దూరం పోగలదు?

నేను, మా ఆయన వచ్చి చేసినవన్నీ తప్పులే. కారేసుకుని పొలం బాటల్లో తిరిగాం, కిటికీ దించి గొంతు పోయేలా అరిచాం. ఒకసారి దూరంగా కనబడింది. నేను కారు దిగి దాని వైపు పరిగెత్తాను. అది నన్ను చూసింది, ఎవరో గుర్తుపట్టనట్టే చూసింది, ఇంకా దూరం పారిపోయింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

పక్క వీధిలో ఒక పెద్దాయన ఉంటారు, డెబ్భై దాటాయి, జీవితమంతా లర్చర్లతోనే గడిపారు. మా అరుపులు విని తన రెండు కుక్కలతో వచ్చి ఒకటే మాట అన్నారు: "ముందు అరవడం ఆపండి. భయపడ్డ కుక్కకి మీ కేకా, వేటగాడి కేకా ఒకటే. వెంటపడితే పారిపోతుంది. ఇంటికి వెళ్లి గేటు తీసిపెట్టి కూర్చోండి." కుక్క కనబడిన చోట నేను తొడిగి విడిచిన స్వెటర్ పెట్టమన్నారు, దాని పరుపు తెచ్చి పెరట్లో వేయమన్నారు. కౌన్సిల్‌లో కుక్కల వార్డెన్‌కి, మైక్రోచిప్ కంపెనీకి ఫోన్లు ఆయనే చేయించారు. ఇంగ్లండ్‌లో 2016 నుంచి కుక్కకి చర్మం కింద చిప్ తప్పనిసరి, బయటికి తీసుకెళ్లినప్పుడు మెడలో పేరు, అడ్రస్ ఉన్న బిళ్ల కూడా ఉండాలి. మా మల్లి బిళ్ల వంటగదిలో మేకుకి వేలాడుతోంది, ఎందుకంటే ఇంట్లో ఉన్నప్పుడు టింగుటింగు మంటోందని నేనే తీసేశాను. ఎవర్ని తిట్టాలి?

చీకటి పడింది. అమ్మ లోపలికి రాలేదు. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, శాలువా మీద మా ఆయన జాకెట్ కప్పుకుని కూర్చుంది. ఎనిమిదింటికి లేచి, కోడి కార్జం తీసి, ఉల్లిపాయ లేకుండా నూనెలో వేయించింది. వెనక తలుపు బార్లా తెరిచి, పొయ్యి పక్కన నిలబడి చేటతో వాసనని బయటికి విసిరింది. ఇంగ్లండ్‌కి చేట ఎందుకమ్మా అని సూట్‌కేస్ సర్దేటప్పుడు వెక్కిరించింది నేనే.

పదకొండున్నరకి గేటు దగ్గర రెండు కళ్లు మెరిశాయి. ఎవరం కదల్లేదు. అమ్మ మాత్రం కుర్చీలోంచి లేవకుండానే, చిన్నప్పుడు మమ్మల్ని అన్నానికి పిలిచినట్టు, "రావే, మల్లీ, చల్లారిపోతోంది" అంది. వచ్చింది. కుడి తొడ మీద తోలు జానెడు మేర చీలి వేలాడుతోంది, ముళ్లకంచె గీరుకున్నట్టుంది. గ్రేహౌండ్ చర్మం పాత పట్టుచీర లాంటిది, ఎక్కడో చిన్న పోగు తగులుకుంటే చాలు, బారుగా చిరుగుతుంది.

అర్ధరాత్రి ఎమర్జెన్సీ, ఇరవై మూడు కుట్లు. ఆ డాక్టరమ్మకి ఈ జాతి బాగా తెలుసు. వీటికి ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని మత్తుమందులు లివర్‌లో నెమ్మదిగా కరుగుతాయి, అందుకని చూసి ఇవ్వాలి. ఆపరేషన్ బాగానే జరిగినా రెండో రోజో మూడో రోజో గాయం చుట్టూ రక్తం చిమ్మే గుణం కూడా వీటికి ఉంది. ఇవన్నీ ఆవిడే చెప్పి, దానికీ మందిచ్చి పంపింది. అంతకుముందు మేం మామూలుగా వెళ్లే చోట ఇంకో డాక్టరు రక్త పరీక్ష చూసి థైరాయిడ్ తక్కువ, జీవితాంతం మాత్రలు వాడాలి అన్నాడు. గ్రేహౌండ్లకి ఆ అంకె మామూలుగానే తక్కువ ఉంటుంది, ఎర్ర రక్తకణాలు ఎక్కువ ఉంటాయి. మిగతా కుక్కల లెక్కతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్ కూడా రోగిలాగే కనబడుతుంది. కుక్క కంటే ముందు గ్రేహౌండ్లు చూసిన డాక్టర్ని వెతుక్కోండి.

ఆ రాత్రి తర్వాత మా ఇంట్లో పద్ధతులు మారాయి. గేటుకి లోపల ఇంకో గేటు పెట్టించాం, ఒకటి వేస్తే గానీ రెండోది తీయకూడదు. బయటి గేటుకి అమ్మ పూజ గంట కట్టింది. మెడకి వెడల్పు మార్టింగేల్ బెల్టు, అంటే గుంజితే కాస్త బిగుసుకునేది, వాడతాం. వీటి తల మెడకంటే సన్నం కదా, మామూలు బెల్టయితే వెనక్కి గుంజుకుని తీసేసుకుంటుంది. లాగితే సాగి, బటన్ నొక్కితే ఆగే తాడు మాత్రం కొనకండి. సాగినంత దూరం వేగం అందుకున్నాక ఒక్క కుదుపుకి మెడ పట్టేస్తుంది, లేదా మీ చెయ్యి ఊడొస్తుంది. వదిలేసి పరిగెత్తించాలంటే చుట్టూ ఆరడుగుల కంచె ఉన్న పొలాలు గంట లెక్కన అద్దెకి దొరుకుతాయి, అక్కడికే తీసుకెళ్తాం. పక్కన చిన్న కుక్కలుంటే మూతికి చిక్కం. అమ్మ మొదటిసారి చూసి "నూర్పిళ్లలో ఎద్దుకి కట్టినట్టు!" అంది. మల్లికి అదేం అవమానం కాదు, రేసుల్లో ఎప్పుడూ పెట్టుకున్నదే. చూసేవాళ్లకే కష్టం.

మా కుక్క పిలిస్తే వస్తుందండీ అనేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. ఉడుత కనబడనంతసేపు మాదీ వస్తుంది. మగ గ్రేహౌండ్లకంటే ఆడవాటికి తెలివి ఎక్కువని కూడా నా నమ్మకం. నేను చూసింది ఒక్కదాన్నే, అయినా నా అభిప్రాయం మారదు.

ఇక మీ రెండో సగం. లర్చర్ అంటే గ్రేహౌండ్ కాళ్లకి గొర్రెల్ని కాసే కోలీ బుర్రో, టెర్రియర్ మొండితనమో తోడైన కుక్క. మొదటిసారి కుక్కని పెంచేవాళ్లకి లర్చర్ పిల్ల కంటే రిటైరైన గ్రేహౌండ్ పది రెట్లు సుఖం. లర్చరే కావాలంటే షెల్టర్లకి వెళ్లండి, వాటికి అక్కడ కొదవ లేదు. ఇలాంటి కుక్కలతో చెవులపిల్లుల్ని వేటాడటం 2004 చట్టంతో నిషేధమైనా మా లింకన్‌షైర్‌లో కోతలయ్యాక రాత్రిపూట వేటగాళ్ల జీపులు పొలాల్లో తిరుగుతూనే ఉంటాయి. 2022లో శిక్షలు పెంచారు, కుక్కల్నీ బండ్లనీ పోలీసులు పట్టుకుపోతున్నారు. పనికిరాదనుకున్న కుక్కని ఆ వేటగాళ్లు రోడ్డు పక్కన దింపేసి పోతారు. అందుకే మల్లితో పొలం గట్టున నడుస్తుంటే కొత్త రైతు ఎవరైనా ట్రాక్టర్ ఆపి నన్నే అనుమానంగా చూస్తాడు. చీర మీద కోటేసుకున్న మా అమ్మని కూడా ఒకాయన "ఇక్కడేం చేస్తున్నారు?" అని నిలదీశాడు.

పిల్లల్ని అమ్మి ఖర్చు రాబట్టడం అంటారా? ఏడాదిలో మూడు ఈతలు లేకపోయినా, వ్యాపారంగా అమ్మితే కౌన్సిల్ లైసెన్స్ అడుగుతుంది. 2020 నుంచి మధ్యవర్తుల చేతుల మీదుగా పిల్లల్ని అమ్మడం కుదరదు. ఎనిమిది వారాలు నిండేలోపు ప్రతి పిల్లకీ చిప్ వేయించాలి, అందులో మొదటి యజమానిగా ఎక్కేది మీ పేరే. ఎనిమిదో పదో పిల్లలు పుడితే ఆ ఎనిమిది వారాలూ రాత్రి రెండింటికి లేచేది మీ అబ్బాయి కాదు. సిజేరియన్ అయితే మీరు లెక్కేసుకున్న లాభం ఆ ఒక్క రాత్రికే పోతుంది.

కుట్లు విప్పించిన రోజు థాంక్స్ చెప్పడానికి అమ్మ చేసిన జంతికలు పట్టుకుని ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాం. ఇంతకాలం లర్చర్లతో ఉన్నారు కదా, ఎన్ని ఈతలు పెట్టించారు అని అడిగాను. ఒక్కటే అన్నారు, ఇరవై ఏళ్ల కింద. లేచి వంటగదిలో కప్పుల అల్మారా తలుపు తీసి చూపించారు. లోపలి వైపు టేపుతో అంటించిన పాత కాగితం, ఎనిమిది పేర్లు, ఎదురుగా ఫోన్ నంబర్లు. పిల్లని ఇచ్చేముందు ప్రతి ఒక్కరి దగ్గరా మాట తీసుకున్నారట, పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా తనకే తెచ్చివ్వాలని. ఏటా క్రిస్మస్‌కి అందరికీ ఫోన్ చేసేవారు. మూడు తిరిగొచ్చాయి. ఒకటి విడాకుల వల్ల, ఒకటి కోళ్లని చంపినందుకు, మూడోది తొమ్మిదేళ్ల వయసులో, యజమాని చనిపోతే. మూడింటినీ చివరిదాకా తనే పెంచారు. చనిపోయిన ఒక్కోదాని పక్కన తేదీ వేసి గీత కొట్టారు.

ఏడు పేర్లకి గీతలున్నాయి. ఎనిమిదో పేరు ఎదురుగా ఒక నంబరు కొట్టేసి ఇంకోటి, అదీ కొట్టేసి ఇంకోటి, మొత్తం నాలుగు నంబర్లు ఉన్నాయి. నాలుగూ కొట్టేసే ఉన్నాయి. పేరుకి మాత్రం గీత లేదు. అమ్మ దాన్ని వేలితో చూపించి తెలుగులోనే "ఇదేమైంది?" అంది. ఆయనకి భాష అర్థం కాలేదు గానీ ప్రశ్న అర్థమైంది. తలుపు మూసి, టీలో పాలు పోసుకుంటారా అని అడిగారు.