చూపు లేనివాళ్లకు మున్సిపాలిటీ వెబ్‌సైట్ పనిచేయకపోతే ఎవరికి, ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న ఫోను చదివి వినిపిస్తుంటే మా ఇంటి కథే విన్నట్టుంది. చూపు పోయాక కూడా మీ అమ్మగారు ఫోనులో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వాట్సాప్, బ్యాంకు పనులు సొంతంగా చేసుకుంటున్నారు. మున్సిపాలిటీ సైట్లో ఇంటి పన్ను మాత్రం కట్టలేకపోతున్నారు. ఆఫీసులో అడిగితే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోమన్నారు. దీని మీద ఫిర్యాదు చేసే దారి ఉందా అని అడిగారు.

ఉంది. మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక ఎన్ఏసీ ఊరు, అంటే చిన్న మున్సిపాలిటీ లాంటిది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. ఆర్‌పీ అనే రెటీనా జబ్బుతో ముప్పయ్యేళ్లు దాటేసరికి నాకు అక్షరాలు కనిపించడం మానేశాయి. అప్పటి నుంచి కంప్యూటర్లో ఎన్‌వీడీఏతోనే పని. అది ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్లు 2006లో మొదలుపెట్టారు.

మా ఊరి సైట్లో పన్ను పేజీ తెరిచి ట్యాబ్ నొక్కితే "ఎడిట్, ఖాళీ" అంటుంది. మళ్లీ నొక్కితే మళ్లీ "ఎడిట్, ఖాళీ". హోల్డింగ్ నంబరు (పన్ను కోసం ఇంటికి ఇచ్చే నంబరు) అడిగే గడి ఏది, వార్డు నంబరు గడి ఏది అన్నది చెప్పదు. కంటికి ఆ గడి పక్కన పేరు కనిపిస్తుందట. కానీ కోడ్‌లో ఆ పేరును గడికి ముడిపెట్టలేదు. అది ఒక్క లైను పని. ఒకసారి రిబేటు గడువు చివరి రోజు రాత్రి ఎలాగో అన్నీ నింపాను. చివర్లో క్యాప్చా వచ్చింది, అంటే వంకర అక్షరాలు చూసి టైపు చేయమనే పరీక్ష. బొమ్మ మాత్రమే, వినే బటన్ లేదు. మేనకోడలికి వీడియో కాల్ చేసి ఫోనును స్క్రీన్‌కి ఎదురుగా పట్టుకున్నాను. "మావయ్యా, కొంచెం పైకి... అది చిన్న జీనా, తొమ్మిదా?" అని తను తేల్చుకునేలోపు టైము అయిపోయింది, పేజీ మొదటికి వెళ్లిపోయింది. మూడుసార్లు అలాగే అయింది. డబ్బు నాది, ఇల్లు నాది, కట్టాలన్న మనసూ నాదే. అయినా ఆ రాత్రి కట్టలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు.

నోటీసులది ఇంకో సమస్య. కొన్ని కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన బొమ్మలు. కొన్ని యూనికోడ్ కాని, "ఆకృతి" అనే పాత ఫాంట్లో టైపు చేసినవి. కంటికి ఒడియాలా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులు, కాబట్టి స్క్రీన్ రీడర్ అర్థం లేని అక్షరాలు వరసగా చదువుతుంది. పైపు పనుల వల్ల రెండు రోజులు నీళ్లు రావని ఒకసారి సైట్లో పెట్టారు. నాకు ఆ సంగతి కొళాయి తిప్పాకే తెలిసింది. పేజీ పైన ఉండే అక్షరాల సైజు బటన్లు, రంగులు మార్చే బటన్లు కొంచెం చూపు ఉన్నవాళ్లకు ఉపయోగమే. వాటితో మాత్రం ఈ లోపాలు తీరవు.

ఇప్పుడు ఫిర్యాదు సంగతి. నేను మొదట చేసిన తప్పు మీరు చేయకండి. "మీ సైట్ అంధులకు పనికిరాదు" అని రాసిచ్చాను. నిబంధనల ప్రకారమే ఉందని ఒక్క లైను జవాబు వచ్చింది. రెండోసారి స్క్రీన్ రీడర్ గొంతు వినిపించేలా మూడు నిమిషాల రికార్డింగ్ చేశాను. కాగితం మీద తేదీ, పేజీ అడ్రసు, ఏ కీ నొక్కితే అది ఏమంది, ఏమనాలి అన్నవి రాశాను. ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ గారి దగ్గర ల్యాప్‌టాప్ పెట్టి, కంప్యూటర్ పని చూసే కుర్రాడిని కళ్లు మూసుకుని హెడ్‌ఫోన్‌తో ప్రయత్నించమన్నాను. రెండో "ఎడిట్, ఖాళీ" దగ్గరే ఆగిపోయాడు. "సార్, నాకు ఇది తెలియదు" అన్నాడు. నెల తిరిగేసరికి గడులకు పేర్లు వచ్చాయి. నోటీసులు కూడా ఇప్పుడు చాలావరకు టైపు చేసే పెడుతున్నారు. క్యాప్చా మాత్రం ఇంకా అలాగే ఉంది. అది తమ చేతిలో లేదంటున్నారు, దాని కోసం ఇంకా తిరుగుతున్నాను.

కాగితంలో చట్టం పేరు తప్పకుండా పెట్టండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ డిజిటల్ సమాచారం అందరికీ అందేలా చూడటం ప్రభుత్వం పని అంటుంది. చూపు లేని రాజీవ్ రతూరి గారు 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. దివ్యాంగులకు అన్నీ అందుబాటులో ఉండాలనే ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు కావాలని అందులో చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమే అంది. కాబట్టి "పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి" అన్న మాటకు మీ అమ్మగారు తల ఊపక్కర్లేదు. పక్కవాళ్లకు ఓటీపీ చెప్పి పన్ను కట్టించుకోవడం ఎంత ప్రమాదమో కూడా రాయండి.

ఆఫీసులో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరు ఫిర్యాదులు వినే గ్రీవెన్స్‌కి వెళ్లండి. ఆ తర్వాత భువనేశ్వర్‌లో ఉండే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. ఆయన సిఫారసు పంపితే ఆఫీసు మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పి తీరాలి. సైట్‌కు యాక్సెసిబిలిటీ ఆడిట్ (దివ్యాంగులు వాడగలరా అన్న తనిఖీ) ఎప్పుడు చేయించారని ఆర్‌టీఐలో, అంటే సమాచార హక్కు చట్టం కింద, అడగవచ్చు. ఫీజు పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. చూపు లేనివాళ్లు అడిగితే ఆ సమాచారం వాళ్లకు అందేలా సాయం చేయాలని ఆ చట్టం 7(4)లోనే ఉంది.

ఒడియా రాయడం రాదని వెనకాడకండి. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతి ఇవ్వవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. నేను తెలుగులో రాసి, కింద నాలుగు లైన్లు ఒడియాలో రాయించి ఇచ్చాను, తీసుకున్నారు.

ముందు మీ అమ్మగారిని పన్ను పేజీ తెరిచి, ఒక్కో గడి మీదకి వేలు జరపమనండి. టాక్‌బ్యాక్ ఎక్కడ ఏమందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. ఫిర్యాదులో ఆ మాట ఎలా పెట్టాలో నేను రాసిస్తాను.