పెద్ద టెక్ కంపెనీలకు మన వివరాలు నమ్మి అప్పగించవచ్చా?

గూగుల్, ఫేస్‌బుక్‌ను నడిపే మెటా వంటి సంస్థలను వ్యక్తిగత వివరాల విషయంలో నమ్మవచ్చా అన్న ప్రశ్నను రెండుగా విడదీసి చూడాలి. దొంగల బారి నుండి కాపాడటంలో వాటిని చాలావరకు నమ్మవచ్చు. తమ లాభానికి వాడుకోకుండా ఉంటాయని మాత్రం నమ్మలేము, ఎందుకంటే ప్రకటనలే ప్రధాన ఆదాయమైన చోట మనం ఎక్కడ తిరిగామో, ఏం వెతికామో అదే సరుకు. 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ అనలిటికా (రాజకీయ ప్రచారాలకు సలహాలిచ్చిన సంస్థ) వ్యవహారంలో 8.7 కోట్ల మంది వరకు ఫేస్‌బుక్ వినియోగదారుల వివరాలు బయటికి పోయాయి, అదీ ఫేస్‌బుక్ సంస్థే బయటి యాప్‌లకు తెరిచి ఉంచిన దారిలోనే.

మొన్న హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో మా పెద్దమ్మకు ఫోను కొన్నప్పుడు, అమ్మే అబ్బాయి ఆమెను ఒక్క మాట అడగకుండా వచ్చిన ప్రతి తెరపైనా ‘అనుమతించు’ అని నొక్కుకుంటూ పోయాడు. ఇంటికి వచ్చి చూస్తే టార్చిలైటు యాప్‌కు కూడా ఆమె కాంటాక్టులు, లొకేషన్ చూసే అనుమతి ఉంది. నాకు చాలా బాధ కలిగింది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి, దానిని వెనక్కి తీసుకోవచ్చు కూడా; వివరాల భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. కనుక సెట్టింగ్స్‌లోని పర్మిషన్లు తెరిచి, లొకేషన్‌ను ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని మార్చి, పనికి సంబంధం లేని అనుమతులన్నీ తీసివేయండి.