డయాలసిస్‌కు వెళ్తే విశ్వాసం లేనట్టా?

ప్రశ్న: మాది గాజువాక. మా ఆయనకు 43 ఏళ్ళు, ఆటో నడిపేవారు. ఏడాదిన్నరగా రెండు కిడ్నీలూ పనిచేయక సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ చేయించుకుంటున్నారు. మొన్న రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన రక్తంలోని వ్యర్థం) 9.8 నుంచి 3.4కు దిగింది. అది చూసి మా ప్రార్థన గుంపులోని ఒక అక్క ‘స్వస్థత మొదలైంది, ఇక మెషిన్ మానేసి విశ్వాసంతో నిలబడండి’ అంటోంది. మూడు రోజులు ఉపవాసం చేయించి, నా గాజులు కానుకగా ఇస్తే పూర్తిగా బాగవుతుందట. మా అత్తయ్య ఆమె మాటే నమ్మింది. ఏదో దాచిన పాపం వల్లే ఇలా అయిందని నన్ను అంటోంది. మా ఆయనేమో ‘నన్ను వదిలేయండి’ అంటున్నారు. మోకాళ్ళ మీద కూర్చుంటే నాకు ప్రార్థన రావడం లేదు, దేవుడి మీద కోపం వస్తోంది. నేను విశ్వాసం తప్పిపోయానా?

జవాబు: లేదమ్మా, తప్పిపోలేదు. దాని గురించి తర్వాత మాట్లాడతాను. ముందు ఆ రిపోర్టు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే వచ్చే సోమవారం దాని మీదే ఆధారపడి ఉంది.

ఆ రెండు అంకెలూ ఎప్పుడు తీసిన రక్తానివో చూడండి. 9.8 మెషిన్ ఎక్కకముందుది, 3.4 దిగాక తీసింది అయి ఉంటుంది. నాలుగు గంటల డయాలసిస్ క్రియాటినిన్‌ను అంత దించడం మామూలే. మళ్ళీ రెండో రోజుకు అది పైకి పోతుంది. కిడ్నీ నిజంగా కోలుకుంటే రెండు గుర్తులు కనబడతాయి: మూత్రం రోజురోజుకూ పెరుగుతుంది, డయాలసిస్‌కు ముందు తీసిన పరీక్షల్లో కూడా అంకె వారం వారం తగ్గుతూ వస్తుంది. దేవుడు స్వస్థపరిస్తే ఆ పరీక్షలోనూ తెలుస్తుంది కదా. మెషిన్ ఆపాలో వద్దో కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) దాన్ని చూసి చెప్తారు, గుంపులోని అక్క కాదు.

ఇందులో ఇంకో మోసం ఉంది. ఒక డయాలసిస్ మానేస్తే ఆ రోజు మనిషి బాగానే ఉంటాడు, సూదులు గుచ్చలేదు కాబట్టి కాస్త హుషారుగా కూడా ఉంటాడు. ఇంట్లో అందరూ అద్భుతం అనుకుంటారు. లోపల మాత్రం నీరు, పొటాషియం పేరుకుంటూ ఉంటాయి. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరితే పడుకుంటే ఆయాసం వస్తుంది. పొటాషియం పెరిగితే కాళ్ళూ చేతులూ బలం తప్పుతాయి, ఒక్కోసారి ఏ సూచనా లేకుండానే గుండె ఆగిపోతుంది. మూత్రం దాదాపు రాని మనిషి పూర్తిగా మానేస్తే సాధారణంగా ఒకటి రెండు వారాలకు మించి బతకడు. ఇది మీ అత్తయ్యకు కూడా చదివి వినిపించండి. ఆయాసం, గుండె దడ, కాళ్ళ నిస్సత్తువ కనబడితే ప్రార్థన ముగిసేదాకా ఆగకండి. 108 పిలిచి క్యాజువాలిటీకి వెళ్ళండి, దారిలో ప్రార్థించుకోవచ్చు.

ఆయన ఉపవాసం ఉండకూడదు. అన్నం మానడం ఒక ఎత్తయితే, విడవడం అంతకంటే ప్రమాదం. మన దగ్గర ఉపవాసం దేనితో విడుస్తారు? కొబ్బరి బొండాం, బత్తాయి రసం, అరటిపండు, ఖర్జూరం. ఇవన్నీ పొటాషియం మూటలే. ఇలాంటి రోగులకు రోజంతటికీ రెండు గ్రాములకు అటూ ఇటూ అని డాక్టర్లు హద్దు పెడుతుంటే, ఒక్క బొండాంలోనే అర గ్రాము పైన పోతుంది. శుక్రవారం తర్వాత మళ్ళీ సోమవారం దాకా మెషిన్ లేదు కాబట్టి వారంలో ఆదివారమే ఆయనకు ఎక్కువ జాగ్రత్త కావాల్సిన రోజు. గుడిలో ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందు పెట్టేదీ ఆ రోజే. వెళ్ళండి, కూర్చోండి. ఆయన మాత్రం కొంచెం అన్నం, ఎక్కువ నీళ్ళలో ఉడికించి వార్చిన కూరగాయలు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. నీళ్ళ లెక్క సాధారణంగా ముందు రోజు వచ్చిన మూత్రానికి అర లీటరు కలిపి. మజ్జిగ, చారు, టీ కూడా అందులోకే వస్తాయి. ప్రభువు బల్లలో ఇచ్చే ఒక్క గుక్కెడు ద్రాక్షరసంతో ఇబ్బంది లేదు. ఉపవాసం ఉండాలని మీ అత్తయ్యకే ఉంటే ఆమె ఉండవచ్చు, బీపీ, షుగరు మాత్రలు వేసుకునే మనిషైతే డాక్టరును అడిగాకే.

నూనె రాసి ప్రార్థించమని యాకోబు 5:14లో ఉంది, సంఘ పెద్దలను పిలిపించుకోండి. నుదుటి మీద రాయించండి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి గానీ మెడలో గొట్టం పెట్టిన చోట గానీ నూనె తగలనివ్వకండి. అక్కడ చీము పడితే అది నేరుగా రక్తంలోకే.

ఇక పాపం మాట. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే ప్రశ్న వేశారు. వీడూ వీడి కన్నవారూ పాపం చేసినందుకు కాదని యేసు చెప్పాడు, యోహాను 9:3. శ్రీకాకుళం వైపు ఉద్దానంలో ఊళ్ళకు ఊళ్ళే కిడ్నీ జబ్బుతో ఉన్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఆ కొబ్బరి తోటల్లో పనిచేసే వాళ్ళంతా మీ కంటే పాపులా అని అత్తయ్యను మెల్లగా అడగండి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు, అంతవరకు బాగానే చేశారు. నోరు తెరిచాకే చెడింది. వాళ్ళ మాటలు యుక్తమైనవి కావని దేవుడే కోప్పడ్డాడు, 42:7.

వైద్యం తీసుకోవడం అవిశ్వాసమైతే తిమోతి కడుపు జబ్బుకు పౌలు మందు చెప్పి ఉండేవాడు కాదు, తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చేవాడూ కాదు. జబ్బుపడిన హిజ్కియా రాజు కన్నీళ్ళతో ప్రార్థించాడు, పదిహేనేళ్ళ ఆయుష్షు దొరికింది. ఆ కథలోనే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. స్వస్థత దొరకలేదు గనుక విశ్వాసం లేదని లెక్కగడితే, ఒంట్లో ముల్లులాంటి బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్న పౌలు కూడా మీ పక్కనే నిలబడాలి.

మీ కోపం సంగతి. ప్రార్థన రావడం లేదని మీరు బాధపడుతున్నారంటేనే బంధం తెగలేదని అర్థం. రోగి పక్కన నెలల తరబడి నిద్ర లేని మనిషికి మాటలు రావు. సొంత మాటలు రాని రోజుల్లో 13వ కీర్తన పైకి చదవండి, ‘ఎన్నాళ్ళు’ అని అందులో దేవుణ్ణి నిలదీస్తారు. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది, చివర స్తోత్రం కూడా లేదు. దాన్ని బైబిల్లో ఉంచిన వాళ్ళకు మీలాంటి రాత్రులు తెలుసు. రోజుకు ఐదు నిమిషాలు చాలు, ఆయన మెషిన్ మీద ఉన్నప్పుడు బయట బెంచీ మీద కూర్చుని చదువుకున్నా చాలు. సాక్ష్యం చెప్పమని ఒత్తిడి చేస్తే ‘బాగైంది’ అని అబద్ధం ఆడొద్దు. ‘డయాలసిస్ మీద బతికి ఉన్నారు, స్తోత్రం’ అన్నదీ సాక్ష్యమే.

గాజులు ఇవ్వకండి. అప్పులవాళ్ళు పిల్లలను పట్టుకుపోతారని ఏడ్చిన విధవరాలితో ఎలీషా ప్రవక్త ఏమన్నాడు? నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బతకండి అన్నాడు, 2 రాజులు 4:7. తనకింత ఇమ్మని అడగలేదు. బియ్యం కార్డు ఉంటే డయాలసిస్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకంలో ఉచితం. డబ్బు కట్టమంటే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోను చేయండి. డయాలసిస్ రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.10,000 పింఛను ఉంది. ఇంకా పెట్టుకోకపోతే ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం, ఆధార్, బియ్యం కార్డు పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్ళండి.

‘వదిలేయండి’ అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. హిమోగ్లోబిన్ పడిపోయినా మనిషి ఇలాగే నీరసించిపోతాడు, ఎంతుందో అడిగి ఇంజెక్షన్లు అవసరమేమో కనుక్కోండి. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఏలీయా ప్రవక్త కూడా బదరీ చెట్టు కింద చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు, నిద్రపోనిచ్చి రొట్టె, నీళ్ళు పంపాడు.

ఈ ఆదివారం పాస్టరు గారిని అత్తయ్య ఎదుటే కలవండి. ‘మెషిన్ మానమని దేవుని వాక్యం చెప్తోందా?’ అని అడిగి జవాబు ఆయన నోటితోనే ఆమెకు వినిపించండి. ఆ అక్క మాటను మీరు కాదంటే ఇంట్లో గొడవవుతుంది, పాస్టరు గారు కాదంటే నిలుస్తుంది. ఆయన కూడా మానమంటే ఇంకో సంఘ పెద్దను వెతుక్కోండి, డయాలసిస్ మాత్రం తప్పనివ్వకండి. సంఘాన్ని ‘ప్రార్థించండి’ అని మాత్రమే అడగకండి: సోమవారం తీసుకెళ్ళడానికి ఒకరు, బుధవారం ఒకరు, శుక్రవారం రాత్రి వంట ఒకరు అని పేర్లతో వంతులు వేయించండి. జలుబు ఉన్నవాళ్ళు ఇంటికి రావద్దని, డయాలసిస్ రోజు సాయంత్రం ఎవరూ రావద్దని, మిగతా రోజుల్లో పావుగంట చాలని మీరే చెప్పండి. ఒక శుక్రవారం అత్తయ్యను కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఎక్కేముందు, దిగాక కొడుకు బరువు చూపించండి. ఒంట్లోంచి ఎన్ని లీటర్ల నీరు తీశారో అక్కడి సిస్టరునే ఆమెకు చెప్పమనండి.