పాత స్పోర్ట్స్ కార్డు అంటే విలువైనదేనా? కొనేముందు ఏం తెలుసుకోవాలి?

కాదు, ఆటగాళ్ల బొమ్మతో అచ్చేసే, జనం సేకరించి దాచుకునే ఈ కార్డు పాతదైనంత మాత్రాన ధర రాదు. అలాంటివి ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నాయి, ఆ ఆటగాడి కోసం ఎగబడేవాళ్లున్నారా, ఈ మూడూ కలవాలి. మన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరికి దొరికే వజ్రానికి బరువు, రంగు, మచ్చ చూసి రేటు కట్టినట్టే, ఇక్కడా మూలలు అరిగాయా, అంచులు చిట్లాయా, బొమ్మ సరిగ్గా మధ్యలో అచ్చయిందా, పైన గీతలున్నాయా అని చూసి గ్రేడింగ్ కంపెనీలు 10కి మార్కులేస్తాయి.

1952లో టాప్స్ అనే అమెరికా కంపెనీ అచ్చేసిన, బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డునే తీసుకోండి. 9.5 గ్రేడున్నది 2022 వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అదే కార్డు నలిగి, మడతపడి ఉంటే అందులో ఒక శాతం కూడా రాదు. ఇక 1980ల చివర్లో, 1990ల మొదట్లో అమెరికాలో ఇలాంటి కార్డులు లెక్కలేనన్ని అచ్చేశారు, జనం కూడా భద్రంగా దాచుకున్నారు, అందుకే ముప్పై ఏళ్లు దాటినా వాటిలో చాలావాటికి వచ్చేది చిల్లరే.

ఎక్కువమంది పొరబడేది ఎక్కడంటే, ఆన్‌లైన్‌లో అమ్మేవాడు పెట్టిన రేటునే అసలు ధర అనుకోవడం. అడగడానికేం, ఎంతైనా అడుగుతాడు! ఈబేలో 'సోల్డ్ ఐటమ్స్' ఫిల్టర్ పెట్టి నిజంగా ఎంతకు పోయాయో చూడండి. కావాలని పాతరంగు తెప్పించిన రీప్రింట్లూ (తర్వాత మళ్లీ అచ్చేసిన నకళ్లు) తిరుగుతుంటాయి, కాబట్టి గ్రేడింగ్ కంపెనీ మార్కులేసి సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నదైనా సరే, దాని మీది నంబరును ఆ కంపెనీ సైట్‌లో కొట్టి చూశాకే డబ్బు పంపండి.