సయాటికాకి నెల రోజులు మంచం మీదే ఉండాలా?

అన్నా, క్యాబ్ నడుపుతుంటే సయాటికాతో, అంటే నడుము నుంచి కాల్లోకి దిగే నరం ఒత్తుకోవడం వల్ల, ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా నొప్పి లాగుతోందని, ఇంట్లో వాళ్లు నెల రోజులు మంచం దిగొద్దంటున్నారని రాశావు. దిగు. భరించలేకపోతే ఒకటి రెండు రోజులు పడుకో, అంతకు మించితే నడుము ఇంకా బిగుసుకుపోతుంది. చాలా మందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, టెన్షన్ పడకు.

బోర్లా పడుకుని మోచేతుల మీద లేచి రెండు నిమిషాలు ఉండు, ఓర్చుకోగలిగితే అరచేతులు నేలకు ఆన్చి, తుంటి నేల మీదే ఉంచి ఛాతీని పైకెత్తు, మెల్లగా దించు, ఇలా పదిసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. ఒక్కటే గమనించు: పిక్కలో నొప్పి పైకి, నడుము వైపు జరుగుతుంటే, నడుములో కాస్త పెరిగినట్టున్నా సరే, అది మంచి గుర్తు. కాలివేళ్ల వైపు దిగుతుంటే మాత్రం ఆపెయ్, ఈ కదలిక అందరికీ పడదు, ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకో.

రోజూ కాసేపు నడువు. వెనక జేబులో పర్సు తీసెయ్, గంటకోసారి బండి దిగి నాలుగడుగులు వెయ్. నడుము బెల్టుకి, ట్రాక్షన్‌కి (నడుమును సాగదీసి లాగే చికిత్స) డబ్బు తగలెయ్యకు, బ్రిటన్‌లో ఏ చికిత్స పనిచేస్తుందో చెప్పే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు ఆ రెండూ వద్దనే అంటాయి.

మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఈ వ్యాయామాలన్నీ పక్కన పెట్టి, అర్ధరాత్రయినా సరే, వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లు.