హెల్సింకీ చలిలో మనుమడు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు హెల్సింకీలో ఉంటున్నారు. రెండేళ్ల మనుమణ్ణి అక్కడి శిశు సంరక్షణ కేంద్రంలో సున్నాకు దిగువ చలిలోనూ ఆరుబయట ఆడిస్తారట. జలుబు చేయదా? వచ్చే నెల నేను వెళ్తున్నాను, ఏం తీసుకెళ్లాలి?
– ఒక అమ్మమ్మ, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, డిసెంబరులోనూ పలచని శాలువాతో బీచ్ రోడ్డున నడిచే మనకు ఆ భయం సహజమే. అయితే జలుబుకు కారణం వైరస్‌లు. తలుపులు మూసిన గదిలో పిల్లలు గుమిగూడినప్పుడే అవి సులువుగా పాకుతాయి. ఫిన్లండ్‌లో పసిపిల్లలను బండిలో వెచ్చగా చుట్టి ఆరుబయట నిద్రపుచ్చడం కూడా మామూలే. చూడవలసినది దుస్తుల సంగతి: ఒంటికి తగిలే పొర పలచని ఉన్నిదై ఉండాలి, ఎందుకంటే మనం ఇష్టపడే నూలు బనియను చెమటకు తడిసి ఒంటిని చల్లబరుస్తుంది. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడక మెడ వెనుక తాకి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే చాలు, చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయాలి. కారు సీటులో మాత్రం దళసరి కోటు విప్పి, బెల్టు బిగించాక పైన దుప్పటి కప్పాలి.

చలికన్నా నేను ఎక్కువగా పట్టించుకునేది వెలుతురు. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఆ ఊళ్లో డిసెంబరు చివర పగటి నిడివి 6 గంటల లోపే, సూర్యుడూ బాగా కిందుగానే ఉంటాడు కాబట్టి, ఎండ ద్వారా విటమిన్ డి అందదు. అందుకే పిల్లలకు చుక్కల మందు వేస్తారు. మోతాదు అక్కడి వైద్యులు చెప్పినదే, ఇక్కడినుంచి మరో సీసా వద్దు.

మీకు ఉన్ని లోదుస్తులు, జారని బూట్లు కావాలి. నెయ్యి, పాలకోవా సర్దకండి: బయటి దేశాల పాల పదార్థాలను ప్రయాణికులు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురావడం నిషిద్ధం.