ల్యాబులో చేరిన మా అమ్మలుకి

అమ్మలూ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి నీ సంగతంతా చెప్పింది. హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలిన శాంపిల్ నువ్వే పట్టుకున్నావట, అప్పట్నుంచి అన్నం సరిగ్గా తినడం లేదట, ఉద్యోగం మానేస్తానంటున్నావట. గ్లౌజులు వేసుకున్నావు. ట్యూబు పగల్లేదు. చేతికి గాయం లేదు. ట్యూబు పట్టుకున్నంత మాత్రాన ఎవరికీ ఏమీ రాదు. ఇది ముందే చెబితే మిగతాది స్థిమితంగా చదువుతావని మొదటే రాస్తున్నాను. ఫోన్లో అయితే సగం విని "సరే పెద్దమ్మా" అనేస్తావు, అందుకే ఉత్తరం.

నాకు నీ భయం గురించి బెంగ లేదు. నువ్వు భయపడని వాటి గురించే బెంగ. అదే రోజు పొద్దున హోమ్ కలెక్షన్‌కి, అంటే ఇళ్ళకెళ్ళి రక్తం తీయడానికి, వెళ్ళి, వాడిన సూదులకు మళ్ళీ మూతలు పెట్టి బ్యాగులో వేసుకొచ్చావని కూడా మీ అమ్మే మాటల్లో చెప్పింది. దాని గురించి నీకు ఏ టెన్షనూ లేదు.

మీ సెంటర్లో పాజిటివ్ ట్యూబులకు ఎర్ర స్టిక్కరు అతికిస్తారన్నావు. ఆ అలవాటు నాకు నచ్చలేదు. ఒకటి, ఫలానా మనిషికి హెచ్‌ఐవీ ఉందని రిసెప్షన్ పిల్ల నుంచి ఊడ్చే ఆమె దాకా అందరికీ తెలిసిపోతుంది. ఆ విషయం బయటపెట్టడానికి 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు. రెండోది నీకు సంబంధించింది. ఎర్ర స్టిక్కరు ఉంటే నీ చెయ్యి జాగ్రత్తపడుతుంది సరే, స్టిక్కరు లేని మిగతా ట్యూబుల దగ్గర అదే చెయ్యి అజాగ్రత్తగా ఉంటుంది. షుగరు పరీక్షకని వచ్చినాయనకు హెపటైటిస్ బి ఉండొచ్చు. ఆయనకే తెలియదు, డాక్టరు రాయలేదు, నువ్వు చూడవు. ఏ రక్తంలో ఏముందో మనం పరీక్ష చేసేదాకా తెలియదు కదా. మనకు శాంపిల్ వచ్చేదే పరీక్ష చేయకముందు!

లెక్కలు చెబుతాను, చూడు. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి వాడిన సూది గుచ్చుకుంటే ఆ జబ్బు వచ్చే అవకాశం వెయ్యికి 3. హెపటైటిస్ సి అయితే నూటికి రెండు లోపే. హెపటైటిస్ బి మాత్రం, టీకా వేసుకోని వాళ్ళకు, ఆ రోగి రక్తంలో వైరస్ ఎంత ఉందన్న దాన్ని బట్టి నూటికి 6 నుంచి 30 దాకా. పైగా ఆ వైరస్ బల్ల మీద ఎండిపోయిన రక్తపు చుక్కలో కూడా వారం రోజులు బతికే ఉంటుంది. నువ్వు నిద్ర మానుకోవాలనుకుంటే ముందు దానికోసం మానుకోవాలి. అయితే దానికి టీకా ఉంది కాబట్టి ఆ అవసరమూ లేదు.

టీకా ఎన్ని డోసులు వేయించుకున్నావు? కాలేజీలో ఒకటి వేశారు, తర్వాత మర్చిపోయాను అనే రకం నువ్వు. మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. మధ్యలో ఆపేసి ఉంటే మళ్ళీ మొదట్నుంచి అక్కర్లేదు, మిగిలినవి వేయించుకుంటే సరిపోతుంది. మూడోది అయిన నెలా రెండు నెలల్లోపు యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్, అంటే టీకా పనిచేసిందో లేదో చూసే రక్తపరీక్ష, చేయించు. 10 దాటితే నీకు రక్షణ వచ్చినట్టు. చాలామంది ఈ పరీక్షే వదిలేస్తారు. ల్యాబులో పనిచేస్తూ సొంత రక్తం మాత్రం పరీక్ష చేసుకోరు! ఈ ఖర్చు నీ జీతంలోంచి పెట్టుకోవద్దు. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం ఆ టీకా, ధనుర్వాతం టీకా మీ యాజమాన్యమే వేయించాలి. నీకే కాదు, చెత్త సంచులు మోసే ఆమెకు కూడా.

ఇక సూది. మూత మళ్ళీ పెట్టే అలవాటు ఈ రోజుతో ఆపెయ్. కుడి చేతిలో సిరంజి, ఎడమ చేతిలో మూత, పక్కన ఎవరో పిలుస్తారు, గుచ్చుకునేది ఎడమ చూపుడు వేలికి. ఏ ల్యాబులో అడిగినా ఇదే కథ చెబుతారు. రక్తం తీయగానే సూది నేరుగా హబ్ కట్టర్ (సిరంజి నుంచి సూదిని కత్తిరించే పరికరం) లోకో, గుచ్చుకుపోని గట్టి తెల్ల డబ్బాలోకో వెళ్ళాలి. ఆ డబ్బా రోగి పక్కనే, నీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. గదికి అవతల మూల ఉంటే సూదిని పట్టుకుని అంత దూరం నడుస్తావు. ముప్పాతిక వంతు నిండగానే మార్చెయ్. నిండిన డబ్బాలో సూదిని అదిమి తోసేవాళ్ళను చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంకొక పాడు అలవాటు ఉంది. అది మన దగ్గర ఇంచుమించు అందరికీ ఉంది. సిరంజితో రక్తం తీసి, వాక్యూటైనర్‌ని, అంటే లోపల గాలి తీసేసిన రక్తపు ట్యూబుని, ఎడమ చేత్తో పట్టుకుని, రబ్బరు మూతలో సూది గుచ్చి, ప్లంజర్ నొక్కడం. సూది జారితే నీ చేతికి. నొక్కితే రక్తం వెనక్కి చిమ్మి నీ కంట్లోకి. కణాలు పగిలి పొటాషియం తప్పు రావడం దానికి అదనం. వాక్యూటైనర్ హోల్డరుతో తీయడం నేర్చుకో, రెండు మూడు రోజుల్లో చెయ్యి అలవాటుపడుతుంది. ముసలివాళ్ళకు, చిన్నపిల్లలకు సిరంజి తప్పదనుకుంటే ట్యూబును స్టాండులో నిలబెట్టి ఒంటి చేత్తో గుచ్చు. ట్యూబులోని వాక్యూమ్ ఎంత కావాలో అంత తనే లాక్కుంటుంది. రెండో చెయ్యి వెనక్కి పెట్టుకో.

అయినా ఎప్పుడో ఒకరోజు గుచ్చుకోవచ్చు. అప్పుడు ఏం చేయాలో ఇప్పుడే తెలిసి ఉండాలి, ఆ టెన్షన్‌లో గుర్తురాదు. సబ్బుతో, పారే నీళ్ళ కింద కడుగు. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, పుండు మీద హైపో (క్రిములను చంపే బ్లీచింగు ద్రావణం) పోయొద్దు. కంట్లో పడితే 15 నిమిషాల పాటు మంచినీళ్ళతో కడుగుతూనే ఉండు. తర్వాత ఎవరి సూదో రాసిపెట్టి, వెంటనే జీజీహెచ్‌కి, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, వెళ్ళు. అక్కడ హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ మూసి ఉంటే క్యాజువాలిటీలో అడుగు. హెచ్‌ఐవీకి పెప్ మందులు, అంటే గుచ్చుకున్నాక జబ్బు రాకుండా వాడేవి, 2 గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. మొత్తం 28 రోజులు వాడాలి. టీకా లేనివాళ్ళకు హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా కావాలి, కుదిరితే 24 గంటల్లోపు. హెపటైటిస్ సికి ముందు జాగ్రత్త మందంటూ లేదు, కానీ పరీక్షల్లో తేలితే ఇప్పుడు మాత్రలతోనే చాలామందికి మూడు నెలల్లో నయమవుతోంది. అన్నిటికన్నా ముఖ్యం, దాచిపెట్టకు. మేనేజరు తిడతాడని రెండు రోజులు ఊరుకుంటే ఆ రెండు రోజులే విలువైనవి.

హోమ్ కలెక్షన్ గురించి వేరే చెప్పాలి. మా రోజుల్లో ఇది లేదు, రోగే ఆసుపత్రికి వచ్చేవాడు. ఇప్పుడు నువ్వు తెల్లవారుజామున బండి మీద కొత్తపేట నుంచి ఊరి చివర దాకా తిరుగుతున్నావు, అందరికీ టిఫిన్ టైమ్‌లోపే కావాలి. ఎవరింట్లోనైనా లైటు వేయించు, కుర్చీలో కూర్చోబెట్టు, పిల్లల్ని పక్క గదికి పంపమను. మంచం మీద పడుకున్నవాళ్ళ పక్కన సిరంజి పెట్టకు, దుప్పటి లాగితే అది ఎటు పోతుందో తెలియదు. చిన్న సూదుల డబ్బా నీ కిట్‌లో ఉండాల్సిందే. సూదిని వాళ్ళ చెత్తబుట్టలో వేసి రావద్దు, అది మున్సిపాలిటీ బండివాడి చేతికి గుచ్చుకుంటుంది. గ్లౌజులు ఇంటికో జత. శాంపిళ్ళు స్టాండులో నిలువుగా, మూతపడే డబ్బాలో, ఐస్ ప్యాక్‌తో రావాలి. బండి హుక్కుకు కవరులో వేలాడదీసుకుని రావడం నేను కళ్ళారా చూశాను. ఇంకో మాట, ఒంటరిగా ఉన్న మగమనిషి ఇంట్లో తలుపు వేసి రక్తం తీయకు. ఇబ్బందిగా అనిపిస్తే గుమ్మం దగ్గర నుంచే వచ్చెయ్, నీ ఉద్యోగం పోతే నేను చూసుకుంటాను. కుక్కను కట్టేయమని ఫోన్లోనే చెప్పు.

ల్యాబు లోపల కంటికి కనిపించని ప్రమాదం గాలిలో ఉంటుంది. ట్యూబుల్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగేదాకా మూత తీయకు, చేత్తో ఆపకు. లోపల ట్యూబు పగిలిన శబ్దం వస్తే స్విచ్చి ఆపి, అరగంట అలా వదిలెయ్. తుంపరలు కిందకు దిగాక గట్టి గ్లౌజులతో, గాజు ముక్కల్ని ఫోర్సెప్స్‌తో తియ్యి. ట్యూబు మూత తీసేటప్పుడు మీద టిష్యూ వేసి, మొహానికి దూరంగా తిప్పి తియ్యి. కళ్ళె పరీక్షకు వచ్చినవాళ్ళను మీ బాత్‌రూమ్‌లోకి పంపకు, ఆరుబయట, మనుషులకు దూరంగా దగ్గించు.

మీ సెంటర్లో కల్చర్లు, అంటే శాంపిల్‌లోని క్రిముల్ని ప్లేట్లలో పెంచి చూసే పరీక్షలు, కూడా చేస్తారుగా. అక్కడ గాజు తలుపు పెట్టె ఒకటి ఉంటుంది. అది బయోసేఫ్టీ క్యాబినెటా, లామినారా, ముందు తెలుసుకో. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. లామినార్‌లో చాలావరకు శుద్ధి చేసిన గాలి నీ వైపుకే వీస్తుంది. అది ప్లేటును కాపాడుతుంది, ప్లేటులో ఉన్నదాన్ని నీ ముక్కులోకి పంపుతుంది. ప్లేట్లలో మీడియా (క్రిములు పెరిగే ఆహారం) పోసుకోవడానికి బ్రహ్మాండం, రోగి శాంపిల్‌కి పనికిరాదు. క్యాబినెట్ అయితే గాలి ముందు నుంచి లోపలికి లాగి ఫిల్టర్ చేస్తుంది. ముందున్న జాలీ మీద రిజిస్టరు, మొబైలు పెడితే అది కూడా పనిచేయదు.

పల్నాడు వైపు గొర్రెలు, మేకలు కాసేవాళ్ళు గుంటూరుకే వైద్యానికి వస్తారు. వారాల తరబడి జ్వరం, వాళ్ళ బ్లడ్ కల్చర్‌లో మెల్లగా ఏదో చిన్నది పెరిగిందంటే బ్రూసెల్లా (పశువుల నుంచి మనుషులకు వచ్చే బాక్టీరియా) కావచ్చని అనుమానించు. ల్యాబు మనుషులకు ఎక్కువగా అంటుకునే వాటిలో అది ఒకటి, గాలిలోంచే వస్తుంది. ప్లేటు మూత తీసి వాసన చూసి ఏ బాక్టీరియానో చెప్పే సీనియర్లు ఇంకా ఉన్నారు. వాళ్ళ అనుభవానికి దండం పెట్టు, ఆ పని మాత్రం నేర్చుకోకు. మేం చేరిన కొత్తలో రక్తాన్ని పిపెట్‌తో నోటితోనే పీల్చేవాళ్ళం. హీమోగ్లోబిన్‌కి వాడే డ్రాబ్కిన్ ద్రావణంలో సైనైడ్ ఉంటుందని తెలిసీ అదే నోటితో పీల్చిన మహానుభావులు ఉన్నారు. పాతవాళ్ళు చేశారు కదా అన్నది కారణం కాదు.

హైపో మీ దగ్గర 5 శాతంది వస్తే ఒక పాలుకి నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపితే 1 శాతం అవుతుంది. ఏ రోజుకారోజు కలుపు, నిన్నటిది నీళ్ళతో సమానం. రక్తం ఒలికితే ముందు టిష్యూ కప్పి, అంచుల నుంచి మధ్యకు హైపో పోసి, 20 నిమిషాలు ఆగి తుడువు. ఆగకుండా తుడిస్తే రక్తాన్ని బల్లంతా పూసినట్టే. హైపోలో బాత్‌రూమ్ యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఇది నీకు తెలుసు, శుభ్రం చేసే ఆమెకు తెలియదు, కాబట్టి రెండు సీసాలూ ఒకే అలమరలో ఉంచకు. హైపోలో నానబెట్టినవి ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే పాత్రలో) కూడా పెట్టకు. స్లైడుకు రంగు వేసే స్టెయిన్లకు సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపేటప్పుడు నీళ్ళలోకి యాసిడ్ మెల్లగా పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు. ఫార్మలిన్ కాన్సర్ కారకం, దానితో కిటికీ తెరిచి ఉంచి పని చెయ్.

ఆటోక్లేవ్ కుక్కరు లాంటిదే. లోపలి గాలి పూర్తిగా పోయి ఆవిరి ధారగా వచ్చాకే వాల్వు మూయాలి. గాలి మిగిలితే మీటరు 15 పౌండ్లు చూపిస్తుంది, లోపల 121 డిగ్రీలు ఉండదు. కల్చర్ ప్లేట్లకు 60 నిమిషాలు ఉంచు. అతికించిన సూచిక టేపు మీద నల్ల గీతలు వస్తే వేడి తగిలిందని మాత్రమే అర్థం, క్రిములు చచ్చాయని కాదు. దానికి స్పోర్ స్ట్రిప్, అంటే మొండి క్రిములున్న కాగితపు ముక్క, లోపల పెట్టి అవి చచ్చాయో లేదో చూడాలి.

చెత్త సంచుల రంగులు నీకు వచ్చు, నేను చెప్పను. ఎర్ర సంచిలో పొరపాటున కూడా సూది ఉండకూడదని మాత్రం గట్టిగా చెబుతాను, ఆ సంచిని భుజాన వేసుకునే మనిషికి గ్లౌజులు కూడా సరిగ్గా ఉండవు. 48 గంటల్లోపు ఆ చెత్తను తీసుకెళ్ళే ప్లాంటు బండి రాకపోతే ఫోన్ చేయించు.

మీ సార్‌తో మాట్లాడేటప్పుడు "భయంగా ఉంది సార్" అనకు, తీసిపారేస్తాడు. కావలసినవి కాగితం మీద రాసివ్వు: హోల్డర్లు, సూదుల డబ్బాలు, టీకా, గుచ్చుకుంటే ఎక్కడికి వెళ్ళాలో ఫోన్ నంబరుతో గోడ మీద ఒక కాగితం. సురక్షితమైన పని వాతావరణం, పెప్ మందులు ఏర్పాటు చేయడం ఆ 2017 చట్టం ప్రకారం వాళ్ళ బాధ్యతే. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే మాత్రం అన్నీ తెప్పిస్తారు, ఆ టైము చూసి అడిగినా తప్పులేదు. రియాజెంట్ల ఫ్రిజ్‌లో నీ క్యారియర్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పలేదు కానీ, పెడుతూనే ఉంటావు. తీసెయ్. ఏప్రాన్ ఇంటికి వేసుకుని రాకు.

టీకా కార్డు ఎక్కడుందో వెతికి ఫోటో వాట్సాప్‌లో పెట్టు. దొరక్కపోతే టైటర్ చేయించి ఆ రిపోర్టు పంపు. డబ్బులు మీ సార్ ఇవ్వనంటే నాకు చెప్పు, అతనితో నేనే మాట్లాడతాను.

మీ పెద్దమ్మ